"చదివినా నాయనా": నమాజు చార్ట్, పదేళ్ల పిల్లాడి అబద్ధం — ఒక కేస్ స్టడీ

కడప జిల్లా వైపు తెలుగు మాట్లాడే ముస్లింలైన దూదేకుల కుటుంబాల్లో, ముఖ్యంగా తండ్రి కొన్నేళ్లు గల్ఫ్‌లో ఉండి తిరిగొచ్చిన ఇళ్లలో పదేపదే కనిపించే పరిస్థితులను కలిపి ఈ కేసు కూర్చాం. ఏ ఒక్క కుటుంబాన్నీ గుర్తుపట్టే వీలు లేదు. ఇందులోని అంకెలు పని తీరు అర్థం కావడానికి ఇచ్చినవే, వాటిని గణాంకాలుగా తీసుకోవద్దు.

పిల్లాడికి పదేళ్ల రెండు నెలలు. ఐదో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మక్తబ్‌లో (పిల్లలకు ఖురాన్ నేర్పే బడిలో) ఉర్దూలో పాఠం చెబుతారు, చదివేది అరబ్బీ. అరబ్బీ అక్షరాలు నేర్పే నూరానీ ఖాయిదా పూర్తిచేసి, నాజరాలో, అంటే ఖురాన్ చూసి చదవడంలో, మూడో పారాకు (భాగానికి) వచ్చాడు. చిన్న సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) పద్నాలుగు కంఠతా వచ్చు. ఇంట్లో తండ్రి, తల్లి, జేజి, ఏడేళ్లు నిండబోతున్న చెల్లెలు. తండ్రి ఆరేళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి పది నెలల కిందట వచ్చేశాడు. ఇప్పుడు టైర్ల షాపు నడుపుతున్నాడు.

ఫిర్యాదులు మూడు. నమాజు చదవకుండానే చదివినానంటాడు. ఇంట్లోని ఖైరాత్ (దానం) డబ్బాలోంచి విడతలుగా 120 రూపాయలు తీశాడు. నిలదీస్తే అల్లా మీద ఒట్టేసి మరీ కాదన్నాడు. తండ్రి అడిగింది ఒక్కటే: "వీనికి అల్లా భయం ల్యాకుండా పోయింది. ఆ భయం పెట్టండి."

ఫ్రిజ్ మీది చార్ట్

తండ్రి వచ్చిన రెండో నెలలో ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్ట్ అతికించాడు. ఏడు రోజులు, రోజుకు ఐదు నమాజులు, మొత్తం 35 గడులు. టిక్కుకు ఐదు రూపాయలు, ఖాళీ గడికి చెంపదెబ్బ. ఇంటికి వెళ్లి చూస్తే ఆరు వారాల చార్టులు ఒకదాని కింద ఒకటి క్లిప్పుకు ఉన్నాయి. ఆరింటిలో ఐదు వారాలు పూర్తిగా నిండి ఉన్నాయి, పిల్లాడికి జ్వరం వచ్చి మూడు రోజులు మంచం దిగని వారంతో సహా. వారంలోని 35 టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే ఒత్తిడితో పడ్డాయి. ఆదివారం రాత్రి ఒక్క ఊపులో పెట్టినవని చూడగానే తెలుస్తుంది. తర్వాత తల్లి ఒప్పుకుంది: "వాళ్ల నాయన షాపు నుంచి వచ్చేలోపల పెట్టేయ్ రా అని నేనే చెప్తి. దెబ్బలు సూడల్యాక."

ఇంకొకటి జేజి గమనించింది. మనవడు వజూకని (నమాజు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడానికని) బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి రెండు నిమిషాలు నీళ్లు పారబోస్తాడు. బయటికొచ్చాక చూస్తే చొక్కా చేతులు మోచేతుల దాకా పొడిగానే ఉంటాయి. బయటివాళ్లకు వినపడాల్సింది కుళాయి చప్పుడే కాబట్టి వాడు దాని వరకే పని చేస్తున్నాడు.

ఈ కేసులో పట్టుకోవాల్సింది ఇదేనని మా నిర్ణయం. దీన్ (మత) చదువు తక్కువై ఈ పిల్లాడు అబద్ధం నేర్చుకోలేదు. ఇంట్లో లెక్క అడిగే తీరు వాడికి అబద్ధం నేర్పింది. నమాజుకు బదులు నమాజు కనిపించేలా చేస్తే చాలని నెలల తరబడి రోజుకు ఐదుసార్లు సాధన చేయించారు.

ముందు ఏం చూడాలి

ఇలాంటి కేసు రాగానే నీతి చర్చలోకి దిగకూడదు. తల్లిదండ్రులు లేకుండా పిల్లాడితో విడిగా మాట్లాడి, ఇంట్లో గానీ మక్తబ్‌లో గానీ బడిలో గానీ ఎవరైనా కొడుతున్నారా, ఒళ్లు తాకుతున్నారా, బెదిరిస్తున్నారా అని అడగాలి. ఆ తర్వాత చూపు, వినికిడి, నిద్ర, పక్క తడపడం, చదువులో అక్షరాలు తారుమారు కావడం చూసుకోవాలి. అరబ్బీ అక్షరాల్లో నుక్తాలు (చుక్కలు) చిన్నవి. చూపు తగ్గిన పిల్లాడికి బే, తే, సే మూడూ ఒకేలా కనిపిస్తాయి, వాడు తప్పు చదివి దెబ్బ తింటాడు, ఆ తర్వాత మక్తబ్ ఎగ్గొడతాడు. ఈ పిల్లాడిలో అవేవీ లేవు. మక్తబ్‌లో అరచేతి మీద బెత్తం దెబ్బలు మాత్రం ఉన్నాయి. పిల్లల బాధ్యత ఉన్నవాళ్లు వాళ్లను హింసించడం 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 75 కింద నేరమని తండ్రికీ మక్తబ్ ఉస్తాద్‌కీ (గురువుకీ) మొదటి సమావేశంలోనే మర్యాదగా చెప్పాలి. తర్వాత చెబితే బెదిరించినట్టు ఉంటుంది.

తర్వాత పిల్లాడి నీతి ఆలోచన ఎక్కడుందో చూశాం. దీనికి మనస్తత్వ పరిశోధకులు లారీ నూచీ, ఎలియట్ ట్యూరియెల్ మత సంప్రదాయాలున్న కుటుంబాల పిల్లలతో వాడిన ప్రశ్న పనికొస్తుంది: "దేవుడు ఈ నియమం పెట్టకపోయి ఉంటే అప్పుడు అది తప్పా కాదా?" ఈ ప్రశ్నను ముస్లిం ఇంట్లో అడిగేటప్పుడు జాగ్రత్త పడాలి. ముందు తల్లిదండ్రులకు ఎందుకో చెప్పి, పిల్లాడికి "ఊరికే ఊహించుకుందాం" అని మొదలుపెట్టాలి. నమాజు గురించి అడిగితే, "అట్లయితే చదవక్కర్లే" అన్నాడు. దొంగతనం గురించి అడిగితే వెంటనే, "అప్పుడు గూడా తప్పే. ఎవరి దుడ్లో వాళ్లు ఏడుస్తారు కదా" అన్నాడు. ఆరాధన అల్లా ఆజ్ఞ వల్ల వచ్చిందనీ, దొంగతనం ఎదుటివాడికి నష్టం చేస్తుంది కాబట్టి తప్పనీ వాడికి తెలుసు. భక్తి గల ఇళ్లలో పెరిగిన పిల్లల్లో ఆ పరిశోధకులు చూసిందీ ఈ తేడానే. అంటే పిల్లాడి నీతి బుద్ధి చెడలేదు.

నమాజులో తను పలికే మాటలకు అర్థమేమిటని అడిగితే మాత్రం ప్రతి నమాజులో చదివే ఫాతిహా సూరాలోని ఏడు ఆయతుల్లో (వాక్యాల్లో) ఒక్కదానికీ చెప్పలేకపోయాడు. మనవాళ్లు తెలుగులో నమాజు "చదవడం" అంటారు, నమాజ్ పఢ్‌నా అన్న ఉర్దూ వాడుక నుంచి వచ్చిన మాట. ఈ పిల్లాడి చెవికి అది బడి చదువు లాగే వినిపిస్తోంది. హోంవర్కు చేశావా, నమాజు చదివావా, రెండూ వాడికి ఒకే జాతి ప్రశ్నలు.

ఏడు, పది: మధ్యలో మూడేళ్లు

తండ్రి దగ్గర ఒక హదీసు (ప్రవక్త మాట) ఉంది, అబూ దావూద్ సంకలనంలోది. పిల్లలకు ఏడేళ్లు వచ్చాక నమాజు చదవమని చెప్పండి, పదేళ్లకు చదవకపోతే దండించండి, వాళ్ల పడకలు వేరు చేయండి అని దాని సారాంశం. పిల్లాడికి పది దగ్గర పడగానే తండ్రి చేయెత్తాడు. ఆయన తప్పు చేయాలని చేయలేదు, పరలోకంలో జవాబు చెప్పుకోవాలన్న దిగులుతో చేశాడు. ఆ దిగులును తేలిగ్గా తీసుకున్నవాళ్లు ఈ కుటుంబాలతో పని చేయలేరు.

అందుకే హదీసును పక్కన పెట్టమని చెప్పలేదు, మొత్తం చదవమని చెప్పాం. ఏడుకూ పదికీ మధ్య మూడు చాంద్రమాన సంవత్సరాలు, అంటే సుమారు 1,062 రోజులు. రోజుకు ఐదు చొప్పున 5,310 సార్లు పక్కన నిలబెట్టుకుని పిలవడానికి ఇచ్చిన గడువది. ఈ పిల్లాడి విషయంలో ఆ గడువులో చాలా భాగం తండ్రి కువైట్‌లో ఉన్నాడు. పక్కన నిలబెట్టుకుని చేసిన పిలుపులు సున్నా, ఫలితం మాత్రం వంద శాతం అడుగుతున్నాడు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఫుఖహాలు (ధర్మశాస్త్ర పండితులు) ఆ దండనకు పెట్టిన షరతులు కూడా ఉస్తాద్ చేతే చెప్పించాం: ముఖం మీద కొట్టకూడదు, మచ్చ పడకూడదు, కోపంలో చేయకూడదు, నేర్పడం ముందు జరిగి ఉండాలి. ప్రవక్త తన చేత్తో ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్నీ కొట్టలేదని ఆయన భార్య ఆయిషా చెప్పిన మాట సహీ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది.

తండ్రి మనసు మార్చింది మాత్రం చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ మాట. 1377లో పూర్తిచేసిన ముఖద్దిమా అనే గ్రంథంలో ఆయన పిల్లల మీద కాఠిన్యం గురించి ఒక అధ్యాయమే రాశాడు. కఠినంగా పెంచిన పిల్లాడు దెబ్బల భయంతో లోపల ఒకటి, పైకి ఒకటి చూపడం నేర్చుకుంటాడు, మోసం చివరికి వాడి స్వభావమవుతుంది అన్నది దాని సారం. మనస్తత్వ పరిశోధకులు విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో ప్రచురించిన అధ్యయనం పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల్లో మూడు నాలుగేళ్ల పిల్లలను పోల్చింది. కొట్టే బడిలోని పిల్లలు ఎక్కువమంది అబద్ధం ఆడారు, దాన్ని ఎక్కువ నేర్పుగా నిలబెట్టుకున్నారు కూడా. ఆరు శతాబ్దాల దూరంలో ఉన్న ఈ రెండు పరిశీలనలూ కలిసే చోటే ఆ ఫ్రిజ్ మీది చార్ట్ ఉంది.

పన్నెండు వారాల పని

మొదటి రెండు వారాలు ఒకే ఒక్క నియమం: "చదివినావా?" అన్న ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగకూడదు. చార్ట్ తీసేయాలి, టిక్కు డబ్బులూ దెబ్బలూ రెండూ ఆపాలి. ప్రశ్న బదులు పిలుపు: "పద, వజూ చేద్దాం." అది కూడా ఒక్క మగ్రిబ్‌కే (పొద్దుగూకాక చదివే నమాజుకే). మగ్రిబ్ ఎందుకంటే ఫర్జ్ (తప్పనిసరి భాగం) మూడే రకాతులు (ఆవృత్తులు), వేళ ఇరుకు కాబట్టి వాయిదా వేసే వీలు తక్కువ, ఆ సమయానికి తండ్రి షాపు పనివాడికి అప్పగించి రాగలడు. మిగతా నాలుగింటికి పెద్దలు తాము లేచి చదువుకుంటారు, పిల్లాడు వస్తే పక్కన చోటిస్తారు, రాకపోతే ఏమీ అనరు.

"మరి ఆ నాలుగూ వదిలేయమంటారా?" అని తండ్రి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఇప్పుడు వాడు చదువుతున్నది ఐదు కాదు, సున్నా అని జవాబు చెప్పాం. పైగా యుక్తవయసు వచ్చేవరకు పిల్లవాడి మీద కలం ఎత్తి ఉంటుందన్న, అంటే వాడి తప్పులు రాయబడవన్న హదీసు ఉంది. ఇది అలవాటు చేయించే కాలం, లెక్క రాసే కాలం ఇంకా రాలేదు.

ఇక్కడ చెడేది దాదాపు ప్రతిసారీ ఒకేలా చెడుతుంది. నాలుగైదు రోజులు తండ్రి నోరు బిగబట్టుకుంటాడు, ఆరో రోజు షాపు నుంచి ఫోన్ చేసి తల్లిని అడుగుతాడు: "వాడు అసర్ చదివినాడా?" ఆ మాట పిల్లాడి చెవిన పడుతుంది. ఈ ఇంట్లోనూ అదే జరిగింది. ఇలా జరిగితే రెండు వారాల లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి పెట్టుకోవాలి. తండ్రిని తప్పుపట్టాల్సిన పని లేదు, ఆయనకు తన దిగులు చెప్పుకోవడానికి రోజూ రాత్రి పది నిమిషాలు భార్యతో వేరే సమయం కుదిర్చితే చాలు.

రెండో వారం చివర పిల్లాడు పెద్దవాళ్లను పరీక్షిస్తాడు. ఎవరూ అడగకుండానే జేజి దగ్గర, "ఈ పొద్దు ఇషా చదవలే" అన్నాడు. ఇలాంటప్పుడు మొదటి మూడు సెకన్లు పెద్దవాళ్ల ముఖం ఎలా ఉందన్నదే మొత్తం పని. కనుబొమలు ముడిపడితే వాడు మళ్లీ కుళాయి చప్పుడు దగ్గరికే పోతాడు. అందుకే ముందే జేజితో వాక్యం ఒకటి అలవాటు చేయించాం: "నిజం చెప్పినావు, మంచిదాయె. టైముంది, రా." నిజం చెప్పినందుకు మెచ్చుకోలు ఒక్క వాక్యం చాలు. చాక్లెట్ ఇస్తే నిజం కూడా టిక్కు అయిపోతుంది.

మూడో వారం నుంచి ఫాతిహా అర్థం. ఏడు ఆయతులు, ఒక్కోదానికి రెండు రోజులు, మగ్రిబ్ తర్వాత ఐదు నిమిషాలు, తెలుగులో. అచ్చు అనువాదాల్లో రబ్ అంటే ప్రభువు అని ఉంటుంది. ఆ మాట ఈ పిల్లాడి నోట్లో ఎప్పుడూ పలకలేదు. ఖురాన్ పదాలకు అర్థాలు రాసిన రాగిబ్ ఇస్ఫహానీ రబ్ అన్న మాటను తర్బియత్‌తోనే (పెంపకంతోనే) వివరించాడు: ఒకదాన్ని మెల్లమెల్లగా పెంచి దాని నిండు స్థితికి చేర్చడం. దాన్ని జేజికి చెబితే ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అంటే సాకేవాడా?" అంది. ఇంతకన్నా మంచి తెలుగు దొరకదు. మేకపిల్లను సాకడం, తల్లిలేని బిడ్డను సాకడం వాడు చూసినవే. ఆ రోజు నుంచి "రబ్బిల్ ఆలమీన్" వాడికి "లోకాలన్నిటినీ సాకేవాడు". ఈ పని ఆలిమ్‌తో (మత పండితుడితో) సరిచూసుకునే చేయాలి, సొంత కవిత్వం కలపకూడదు.

ఐదో వారం మాఊన్ సూరా. ఇదీ ఏడు ఆయతులే, వాడికి కంఠతా వచ్చినదే. అనాథను గెంటేసేవాడి గురించీ, తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండి నలుగురికీ కనబడడానికి చేసేవాళ్ల గురించీ, మాఊన్ ఇవ్వనివాళ్ల గురించీ చెబుతుంది. మాఊన్ అంటే ఇరుగుపొరుగు అడిగే చిన్న వస్తువులని పాత వ్యాఖ్యాతలు చెప్పారు: కుండ, బొక్కెన, గొడ్డలి వంటివి. ఆ ఇంట్లో అలాంటివి నిచ్చెన, జల్లెడ, ఇనుప గమేళా. పక్కింటివాళ్లు అడిగితే తెచ్చివ్వడం, తిరిగి తెచ్చుకోవడం పిల్లాడి పని అయింది. వాడి నమాజుకూ పక్కింటి జల్లెడకూ ముడి ఉందని ఉపన్యాసంతో చెప్పలేం.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. ఏదో విసుగులో తల్లి, "నీలాంటోళ్ల గురించే ఆ సూరా" అనేసింది. మూడు రోజులు పిల్లాడు ఆ సూరా చదవడం మానేశాడు. ఖురాన్ ఆయతును దెప్పడానికి వాడిన ఇంట్లో పిల్లలు ఆ ఆయతుకే దూరమవుతారు. తల్లి వెళ్లి వాడి దగ్గర, "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని చెప్పాక సర్దుకుంది.

120 రూపాయలు, ఒక ఒట్టు

దొంగతనాన్ని ఆరో వారం దాకా ముట్టుకోలేదు. ముందే ముట్టుకుంటే ఇంకో విచారణ అవుతుంది. తండ్రి దాన్ని మక్తబ్‌లో అందరి ముందూ ఒప్పించి తౌబా (పశ్చాత్తాపం) చేయించాలనుకున్నాడు. మత పండితుడు గజాలీ తన ఇహ్యా గ్రంథంలో పిల్లల శిక్షణ గురించి రాసిన భాగంలో దీనికి సూటి సలహా ఉంది: పిల్లాడు చాటుగా ఒక తప్పు చేసి దాన్ని దాచాలని చూస్తే మొదటిసారి చూసీచూడనట్టు పోవాలి, తెర చించకూడదు. మళ్లీ చేస్తే ఏకాంతంలో మందలించాలి. అదే పనిగా తిడితే నింద వాడికి అలవాటైపోతుంది. ఆ సిగ్గు మిగిలి ఉంది కాబట్టే వాడు దాచాడు. దాన్ని పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోలేం.

మాట్లాడింది తండ్రి, పిల్లాడు ఇద్దరే, షాపులో, షట్టరు సగం దించి. ఎందుకు తీశావని అడగవద్దని తండ్రికి చెప్పాం, "ఎందుకు" అన్న మాటకు పిల్లలు సాకులే వెతుకుతారు. "డబ్బాలో డబ్బు ఎవరికి పోవాలనో నీకు తెలుసు. ఎట్ల నింపుదాం?" అని మాత్రం అడిగాడు. వారానికి 20 రూపాయలు చేతి ఖర్చు, అందులో పది డబ్బాలోకి. పన్నెండు వారాల్లో తీరుతుంది. మొత్తం ఒకేసారి తండ్రి వేసేస్తే పిల్లాడికి దక్కేదేమీ లేదు. చేతి ఖర్చంతా కోసేస్తే మళ్లీ డబ్బా వైపే చూస్తాడు.

ఒట్టు సంగతి మరింత సున్నితం. అబద్ధపు ఒట్టుకు కఫ్ఫారాగా (పరిహారంగా) మూడు రోజులు ఉపవాసం ఉంచాలని జేజి పట్టు. ఉస్తాద్ వివరించారు: యుక్తవయసు రాని పిల్లాడి ఒట్టుకు కఫ్ఫారా లేదు, జరిగిపోయినదాని గురించి తెలిసి వేసిన అబద్ధపు ఒట్టుకు హనఫీ మజ్హబ్‌లో (ధర్మశాస్త్ర సంప్రదాయంలో) తౌబాయే మార్గం. అసలు ఆ ఒట్టు ఎక్కడిదని వెనక్కి పోతే, ప్రతిసారీ పెద్దవాళ్లే అడిగినట్టు తేలింది: "అల్లా మీద ఒట్టెయ్, నమ్ముతా." భయంలో ఉన్న పిల్లాడి చేతికి అల్లా పేరును ఇంట్లోవాళ్లే ఒక డాలుగా ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒట్టు అడగడం బంద్.

పెద్దవాళ్ల చిన్న అబద్ధాలూ అప్పుడే బయటపడ్డాయి. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో "దార్లో ఉండా" అనడం, అప్పులవాడు వస్తే "నాయన లేడని చెప్పు" అనడం. అబ్దుల్లా బిన్ ఆమిర్ చిన్నప్పుడు వాళ్లమ్మ "రా, నీకొకటి ఇస్తా" అని పిలిస్తే, ఏమిస్తావని ప్రవక్త అడిగారు. ఖర్జూరం అంది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం రాయబడేదన్నారు. ఈ హదీసు తండ్రికి కొత్త. "దార్లో ఉండా" మాట మానడానికి ఆయనకు, నమాజు అబద్ధం మానడానికి పిల్లాడికి పట్టినంత కాలమే పట్టింది.

తొమ్మిదో వారంలో జుమేరాత్ (గురువారం) సాయంత్రం డబ్బా లెక్క పెట్టే పని పిల్లాడిది, జేజి పక్కన. వచ్చింది, పోయింది, మిగిలింది నోట్‌బుక్కులో రాస్తాడు. వాణ్ని డబ్బాతో ఒంటరిగా వదిలి "చూద్దాం తీస్తాడో లేదో" అని పరీక్ష పెట్టడం మాత్రం ఘోరమైన తప్పు. అమానత్ (నమ్మి అప్పగించినది) ఇచ్చినప్పుడు పక్కన తోడుండాలి, ఉచ్చు పన్నకూడదు.

మక్తబ్‌లో

45 మంది పిల్లలు, ఒక్క ఉస్తాద్, ఒక గంట. తలకు 80 సెకన్లు. ఆయన బెత్తం పట్టుకోవడానికి ఈ భాగహారమే ముఖ్య కారణం, మనిషి నిజానికి మెత్తనివాడు. జంటలు కట్టించాం: పారాల్లో ఉన్నవాళ్లు ఖాయిదా పిల్లల ఆమోఖ్తా (పాత పాఠం) వింటారు, ఉస్తాద్ కొత్త సబఖ్ (పాఠం) మాత్రమే వింటారు. పెద్ద పిల్లాడు చిన్నవాణ్ని కొట్టడం మొదటి వారంలోనే మొదలైంది, బెత్తం చూసి నేర్చుకున్నదే. బెత్తం బీరువాలోకి పోయాక తగ్గింది.

ఆరు నెలలకు

మగ్రిబ్ దాదాపు రోజూ, ఇషా వారంలో నాలుగైదు రోజులు, ఫజర్ ఆదివారాలు మాత్రమే. తండ్రికి ఇది చాలదు, ఆ అసంతృప్తి అలాగే ఉంది. నమాజు గురించి అబద్ధం ఆగింది, మొబైల్ గేమ్ గురించి ఇంకా ఆడతాడు.

రంజాన్‌లో వెనక్కి జారాడు. రోజా (ఉపవాసం) ఉన్నానని చెప్పి బడిలో కుళాయి దగ్గర నీళ్లు తాగాడు. ఈసారి ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు తనే జేజి చెవిలో చెప్పాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఖర్జూరం వాడి చేతిలోనూ పెట్టి, అందరితో పాటే నోట్లో వేసుకోమంది. మరుసటి రోజు సగం రోజా, జొహర్ (మధ్యాహ్న నమాజు) దాకా, అని ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నారు.

చెల్లెలికి ఈ నెలలో ఏడు నిండాయి. ఫ్రిజ్ మీద ఏమీ అతికించలేదు. మగ్రిబ్ అజాన్ వినపడగానే తల్లి తన జానమాజ్ (నమాజు చాప) పక్కన చిన్నది ఇంకొకటి పరుస్తుంది.